'వింటర్ రెడీ' ప్యాకేజీ, 389 డాలర్లు: మూడేళ్ళు చూశాక నా రివ్యూ

చలికాలం రాకముందు ఇంటికి చేయించాల్సిన పనులు కొన్ని కలిపి ఒకే ధరకి అమ్మే ప్యాకేజీ ఇది. ముందే చెప్పేస్తాను. లాన్‌కి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్ పనికి ఐదు స్టార్లు, చూరు వెంబడి నీళ్ళు పట్టే గట్టర్ పనికి మూడున్నర, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నెస్ పనికి ఒకటి. ఆ ఒకటి కూడా అడిగిన వెంటనే డబ్బులు వెనక్కిచ్చారు కాబట్టి. మూడూ ఒకే కంపెనీ, ఒకే బిల్లు. అందుకే కంపెనీ పేరు రాయట్లేదు. రాస్తే నిచ్చెనెక్కి నిజాయితీగా పనిచేసిన కుర్రాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుంది. రాయకపోయినా మీకు పోయేదేం లేదు. అమెరికాలో మా మిన్నెసోటా రాష్ట్రంలో ఏ సబర్బ్‌కి వెళ్ళినా సెప్టెంబర్ వచ్చిందంటే ఇలాంటి ప్యాకేజీల కరపత్రాలు తలుపు పిడులకి వేలాడుతూనే ఉంటాయి.

మాది మేపుల్ గ్రోవ్, గుడికి పది నిమిషాల దూరం. 1994లో కట్టిన రెండంతస్తుల ఇల్లు, మేం 2016లో కొన్నాం. మావారు ఉద్యోగం పని మీద నెలలో సగం రోజులు వేరే ఊళ్ళో ఉంటారు, కాబట్టి ఇంటి మరమ్మతులన్నీ నా నెత్తినే. నేను పుట్టింది అమలాపురం పక్కన పల్లెటూళ్ళో. చలికాలానికి సిద్ధమవడం అంటే మాకు తెలిసింది ట్రంకు పెట్టెలోంచి రగ్గులు తీసి ఎండలో వెయ్యడం, అంతే. ఇంటికి చాకిరీ అంతా వానల ముందే. రోహిణి కార్తె ఎండల్లోనే పెంకులు తిరగనేయించేవాళ్ళు, చూరు కింద కాలవ తీయించేవాళ్ళు. ఇక్కడికొచ్చాక అదే పని అక్టోబర్‌లో చెయ్యాలని అర్థం కావడానికి నాకు ఏడు చలికాలాలు పట్టింది.

అర్థమయ్యేలా చేసింది 2022-23 చలికాలం. ఆ సీజన్‌లో ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు, మా ఊరు వాటి శివారే) 90 అంగుళాల పైన స్నో పడింది. ఫిబ్రవరిలో ఓ ఆదివారం పొద్దున డైనింగ్ రూమ్ సీలింగ్ మీద టీ కప్పు పెట్టి తీసినట్టు గుండ్రటి మరక కనిపించింది. మధ్యాహ్నానికి అది పళ్ళెమంత అయింది. సాయంత్రం లైటు చుట్టూ బొట్లు మొదలయ్యాయి. బయటికెళ్ళి చూస్తే చూరంతా అడుగు మందాన ఐస్ కట్ట కట్టింది, దాని వెనక కరిగిన నీళ్ళు చెరువులా నిలబడి పైకప్పు షింగిల్స్ కిందికి దారి చూసుకున్నాయి. దీన్నే ఐస్ డ్యామ్ అంటారు. ఆవిరి మిషన్‌తో దాన్ని కోసి తీసేవాళ్ళు గంటకి 450 డాలర్లు తీసుకున్నారు. మూడు గంటలు. సీలింగ్ రిపేరు వేరే.

ఆ బాధ గుడిలో ప్రసాదం లైన్లో నిలబడి ఒకావిడకి చెప్పుకుంటుంటే ఆవిడ ఈ ప్యాకేజీ సంగతి చెప్పారు. 2023 ఫాల్‌లో మొదటిసారి తీసుకున్నాను. కరపత్రంలో గట్టర్ క్లీనింగ్ అనే మాట కింద 'ఐస్ డ్యామ్‌ల నుంచి రక్షణ' అని పెద్దక్షరాలతో ఉంది. ఆ చలికాలం ఒక్క చుక్క కారలేదు. అబ్బ, ఎంత మంచి ప్యాకేజీ అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను, ముగ్గురి చేత బుక్ చేయించాను కూడా. తీరా ఆలోచిస్తే, 2023-24 చలికాలం ట్విన్ సిటీస్ రికార్డుల్లోకెల్లా వెచ్చటి చలికాలం. అసలు స్నోనే సరిగ్గా పడలేదు. స్నో లేని ఏడాది ఐస్ డ్యామ్ రాలేదని గట్టర్ క్లీన్ చేసినవాడికి దండం పెట్టాను! ఆ మరుసటి ఏడు కూడా స్నో అంతంత మాత్రమే, నా భ్రమ అలాగే కొనసాగింది. ఆ ముగ్గురికీ ఇప్పుడు ఈ రివ్యూ పంపాలి.

ఈ ఏడాది మూడోసారి తీసుకున్నప్పుడు నాన్న ఇక్కడున్నారు. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. డెబ్భై దాటినా ఎవరైనా నిచ్చెన వేస్తుంటే ఇంట్లో కూర్చోలేరు. ఆయన కళ్ళతో చూడకపోయుంటే ఈ రివ్యూలో సగం ఉండేది కాదు.

మంచి పనితో మొదలుపెడతాను. స్ప్రింక్లర్ బ్లో-అవుట్, అంటే పైపుల్లో మిగిలిన నీళ్ళని గాలితో బయటికి ఊదేయడం. తెలియనివాళ్ళకి: లాన్ కింద స్ప్రింక్లర్ పైపులు అడుగు లోతులోపే ఉంటాయి. ఇక్కడ చలి నేలలోకి ఎంత దిగుతుందంటే, మా ప్రాంతంలో ఇంటి పునాది కనీసం 42 అంగుళాల లోతు తవ్వాలని బిల్డింగ్ కోడే చెబుతుంది. అంటే పైపులో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి తీరతాయి. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పైపైనా ఇత్తడి వాల్వైనా చీలిపోతుంది. ఇత్తడి చీలుతుందంటే నాన్న మొదట నమ్మలేదు. "సోడా సీసా ఫ్రీజర్లో పెట్టి మర్చిపోయారు చూడండి ఓసారి, గుర్తుందా" అన్నాను. "సీసా గాజు కదే" అన్నారు. పక్కింటాయన గరాజ్‌లో కిందటేడు చీలిన ఇత్తడి బ్యాక్‌ఫ్లో వాల్వ్ దాచుకునున్నాడు, తెచ్చి చూపించాడు. పక్కన పొడుగ్గా నోరు తెరుచుకుని ఉంది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో ఆ చీలికని తడిమి, ఏమీ అనకుండా తిరిగిచ్చేశారు.

అక్టోబర్ 9న ఒక కుర్రాడు పికప్ వెనక పెద్ద కంప్రెసర్ తగిలించుకుని వచ్చాడు. ముందు బేస్‌మెంట్‌లోకి వెళ్ళి స్ప్రింక్లర్‌కి నీళ్ళు వెళ్ళే వాల్వ్ కట్టేశాడు. బయట గోడకున్న పైపుకి ఎర్ర గొట్టం బిగించాడు. మా లాన్‌కి ఐదు జోన్లు, అంటే విడివిడిగా ఆన్ చేసే భాగాలు. గరాజ్‌లో కంట్రోలర్ దగ్గర ఒక్కో జోన్ ఆన్ చేస్తుంటే లాన్‌లో స్ప్రింక్లర్ తలలు వరసగా లేచాయి. ముందు మామూలుగా నీళ్ళు, తర్వాత దగ్గొచ్చినట్టు తుంపర్లు తుంపర్లుగా, తర్వాత పొగమంచులా సన్నగా, ఆఖరికి ఉత్త గాలి. గాలి ఒక్కటే వస్తుండగా ఎక్కువసేపు ఉంచలేదు, వెంటనే ఆపి ఇంకో జోన్‌కి వెళ్ళాడు. నాన్న నన్ను అడగమన్నారు, ఎంత ప్రెషర్ పెట్టావని. "మీవి పాలీ పైపులు, 50 దాటనివ్వను. పీవీసీ అయితే 80 దాకా పోవచ్చు" అన్నాడు. మీటర్ చూపించాడు. అన్ని జోన్లూ రెండుసార్లు తిప్పాడు, రెండో రౌండ్‌లో మూడో జోన్ నుంచి మళ్ళీ నీళ్ళొచ్చాయి. ఒక్కసారితో వెళ్ళిపోయుంటే ఆ నీళ్ళు లోపలే ఉండేవి. చివర్లో బయటి వాల్వుల పిడులు పూర్తిగా తెరవకుండా, పూర్తిగా మూయకుండా ఏటవాలుగా 45 డిగ్రీల్లో వదిలాడు. బాల్ వాల్వ్ పూర్తిగా మూసినా తెరిచినా లోపల బంతి చుట్టూ కాసిని నీళ్ళు చిక్కుకుంటాయట, సగంలో వదిలితే వాటికి దారి ఉంటుంది. నాన్నకి ఆ కుర్రాడు బాగా నచ్చేశాడు. "పని నేర్చుకున్నవాడమ్మా, పై పైన చూసొచ్చినవాడు కాదు" అన్నారు. కాఫీ ఇమ్మన్నారు, ఇచ్చాను. ఫిల్టర్ కాఫీ, ఆ కుర్రాడు రెండో కప్పు అడిగాడు.

మా వీధిలో ఒకాయన గరాజ్‌లో ఉండే చిన్న ఆరు గ్యాలన్ల కంప్రెసర్‌తో ఇదే పని సొంతంగా చేశాడు. ప్రెషర్ ఉంటుంది కానీ గాలి పరిమాణం చాలదు, పైపు అడుగున నీళ్ళు అలాగే ఉండిపోయాయి. ఏప్రిల్లో ఆన్ చేస్తే మూడు చోట్ల లాన్‌లో బుగ్గలు! 85 డాలర్లు మిగుల్చుకుందామని 600 ఖర్చుపెట్టాడు. ఇది మాత్రం మీరు చేసుకోవద్దు.

అదే కుర్రాడు బయటి కొళాయిలకి తగిలించి ఉన్న గార్డెన్ హోస్‌లు రెండూ విప్పి గరాజ్‌లో పడేశాడు. నేను ఏళ్ళ తరబడి వాటిని అలాగే వదిలేసేదాన్ని, మావి ఫ్రీజ్ అవని కొళాయిలు కదా అని. ఆ కొళాయిలో నీళ్ళు ఆపే భాగం బయట కాదు, గోడ లోపల అడుగు దూరంలో ఉంటుంది, కట్టేయగానే ముందున్న నీళ్ళు బయటికి కారిపోవాలి. హోస్ తగిలించి ఉంటే కారడానికి దారి లేదు. పగిలేది గోడ లోపల, తెలిసేది వసంతంలో కొళాయి తిప్పినప్పుడు, బేస్‌మెంట్ తడిసినప్పుడు. పైసా ఖర్చు లేని పని ఇది. దీనికైనా ఎవర్నీ పిలవక్కర్లేదు.

గట్టర్ల సంగతి. ఇద్దరు వచ్చారు, అక్టోబర్ 14న. నిచ్చెనని గట్టర్ మీద ఆనించలేదు. నిచ్చెన తలకి రెండు కొమ్ముల్లాంటి స్టాండ్ బిగించి గోడకి, కప్పుకి ఆనించారు. గట్టర్ నలగలేదు. నాన్న కింద నిలబడి నిచ్చెన కాళ్ళు చూసి తలూపారు. ఆకుల్ని బ్లోయర్‌తో పొరుగింట్లోకి ఊదలేదు, చేత్తో తీసి బకెట్లలో నింపారు. తర్వాత హోస్‌తో కడిగి, కిందికొచ్చే గొట్టాల్లో నీళ్ళు పోసి పారుతున్నాయో లేదో చూశారు. ఒక గొట్టం మోచేతి వంపు దగ్గర మూసుకుపోయి ఉంటే విప్పి, లోపల్నుంచి టెన్నిస్ బంతి తీశారు. అది మా అబ్బాయిదే. అడిగితే వాడిది కాదన్నాడు.

ఇంతవరకూ ఐదు స్టార్లే. ఒకటిన్నర ఎక్కడ కోశానంటే, తేదీ దగ్గర. మాకు ముందు వైపు మేపుల్, వెనక వైపు రెండు ఓక్ చెట్లు. మేపుల్ అక్టోబర్లోనే రాల్చేస్తుంది. ఓక్ అలా కాదు, ఎండిన ఆకుల్ని పట్టుకుని నవంబర్ దాకా బేరాలాడుతుంది. వాళ్ళు వచ్చి వెళ్ళిన మూడు వారాలకి వెనక గట్టర్ మళ్ళీ నిండిపోయింది. భోజనం అవకముందే విస్తరెత్తేసినట్టుంది. ఫోన్ చేస్తే ప్యాకేజీలో ఒక్క విజిటే, రెండోదానికి 95 డాలర్లు అన్నారు. ఇంకాస్త ఆలస్యంగా ఎందుకు రారు అంటే స్నో పడితే మా వాళ్ళు నిచ్చెనెక్కలేరన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. 1991లో హాలోవీన్ నాడు మొదలైన తుఫానుకి ట్విన్ సిటీస్‌లో 28 అంగుళాలు పడింది, ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ ఆ కథ చెబుతారు. కానీ మరి వెనక ఓక్ చెట్లున్న ఇంటికి ముందే చెప్పాలి కదా, రెండు విజిట్లు కావాలని. చెట్టుని చూసినవాడు ఒక్కడూ నోరెత్తలేదు.

బట్టలారబెట్టే డ్రయర్ గొట్టం కూడా శుభ్రం చేశారు. బాగానే చేశారు. పాతిక డాలర్లకి బ్రష్ దొరుకుతుంది, డ్రిల్లుకి తగిలించుకుని మనమే చేసుకోవచ్చు.

ఇక ఫర్నెస్. టెన్షన్ అంతా ఇక్కడే.

ఇది ఎందుకు ముఖ్యమో ముందు చెప్పాలి. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్. పోస్టు కూడా ఆపేశారు ఆ రోజు. మా ఫర్నెస్ పగలూ రాత్రీ ఆగకుండా తిరిగింది. నేను పడుకోకుండా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను, ఎక్కడ ఆగిపోతుందోనని. అలాంటి రోజు అది ఆగితే గంటల్లో పైపులు పగలడం మొదలవుతుంది. కాబట్టి చలికి ముందు ఫర్నెస్ చూపించుకోవడం డాబు కాదు. దాన్ని ఎవరికి చూపించాలనేదే ప్రశ్న.

ఈసారి వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. షూస్ మీద కవర్లు తొడుక్కున్నాడు. ఫర్నెస్ తలుపు తీసి, పావుగంట లోపల టార్చి కొట్టి, ట్యాబ్లెట్‌లో ఏవో టిక్కులు పెట్టుకుని, మొహం దిగులుగా పెట్టుకుని పైకి వచ్చాడు. "మ్యామ్, హీట్ ఎక్స్ఛేంజర్‌లో క్రాక్ ఉంది. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. నేనైతే మా పిల్లల్ని ఈ ఇంట్లో పడుకోబెట్టను" అన్నాడు. హీట్ ఎక్స్ఛేంజర్ అంటే మంటల వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం, కార్బన్ మోనాక్సైడ్ అంటే వాసన లేని విషవాయువు. కొత్త ఫర్నెస్ 7,800. ఇవాళే సంతకం పెడితే పది శాతం తగ్గింపు.

నా గుండె జారిపోయింది. పిల్లల మాటెత్తాక ఏ తల్లి బేరమాడుతుంది? పెన్ను దాకా వెళ్ళాను. నాన్న మాత్రం "ఏదీ, ఫొటో చూపించమను" అన్నారు. ట్యాబ్లెట్‌లో చూపించాడు. తుప్పు పట్టిన లోహం, మధ్యలో జుట్టు పోగంత గీత, కింద వరసగా నీలం మంటలు. నాన్న కళ్ళజోడు పైకెత్తి, దగ్గరికి లాక్కుని చూశారు. తర్వాత తెలుగులో, చాలా మామూలుగా, "అమ్మాయ్, కింద మనదానికి మూడే కదే మంటలు. ఇందులో నాలుగున్నాయి" అన్నారు.

అతను తలుపు తీసినప్పుడు ఆయన పక్కనే నిలబడి లెక్కపెట్టారట. లైన్‌మన్ అలవాటు, ఏ పెట్టె తెరిచినా ముందు లోపలివి లెక్కపెట్టడం.

ఇదే ముక్క నేను ఇంగ్లీషులో చెబితే అతను ట్యాబ్లెట్ చూసి, నన్ను చూసి, పొద్దున వెళ్ళిన ఇంటి ఫొటో పొరపాటున తెరిచినట్టున్నానన్నాడు. అయితే మాది చూపించు అన్నాను. మాది తీయలేదట. పొరపాటే కావచ్చు, నేను అతని మనసులోకి వెళ్ళి చూడలేను. కానీ పొరపాటున తెరిచిన ఫొటోకి 7,800 డాలర్ల కొటేషన్ మా అడ్రస్‌తో సహా ఎలా తయారైందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇక్కడో మాట జాగ్రత్తగా చదవండి. హీట్ ఎక్స్ఛేంజర్ పగలడం కట్టుకథ కాదు, నిజంగా జరుగుతుంది, నిజంగా ప్రమాదం. ఎవరైనా ఉందంటే మోసం అని కొట్టిపారేయకండి. మీ ఫర్నెస్‌లోనే చూపించమనండి, లోపలి కెమెరా వీడియో అడగండి, రెండో మనిషిని పిలవండి. నేను ఆ రోజే ఫర్నెస్ ఆపేసి, రాత్రికి రెండు ఎలక్ట్రిక్ హీటర్లు పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే ఫర్నెస్‌లు మాత్రమే చూసే ఒక మెకానిక్‌ని పిలిచాను. ఒంటరిగా పనిచేసుకునే పెద్దాయన. 129 డాలర్లు. పొగ వెళ్ళే గొట్టంలో మీటర్ పెట్టి కార్బన్ మోనాక్సైడ్ కొలిచాడు, సన్నటి కెమెరా లోపలికి పంపి ప్రతి వంపూ నాకు ఫోన్‌లో చూపించాడు. క్రాక్ లేదు. ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నటి కడ్డీ మాత్రం మసిబారి ఉంది, స్టీల్ వూల్‌తో రుద్దాడు. మంట వెలిగిందో లేదో ఫర్నెస్‌కి చెప్పేది అదే, మసిబారితే మంట ఉన్నా లేదనుకుని గ్యాస్ కట్టేస్తుంది. నడి జనవరిలో రాత్రి రెండింటికి ఫర్నెస్ ఆగిపోయిందని ఫోన్లు చేసేవాళ్ళలో చాలామందికి రోగం ఇదేనట. హ్యుమిడిఫైయర్ జల్లెడ మార్చాడు, నీళ్ళు కారే ట్రాప్ కడిగాడు. వెళ్తూ వెళ్తూ ఇంటి పక్క గోడలోంచి బయటికొచ్చే రెండు తెల్ల గొట్టాలు చూపించి, పెద్ద స్నో పడ్డప్పుడు వీటి ముందు తవ్వి ఉంచు, ఇవి పూడుకుపోతే ఫర్నెస్‌కి ఊపిరాడదు అన్నాడు. ప్యాకేజీ మనిషి మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గొట్టాల వైపు చూడలేదు.

ఇంకొకటి. ప్యాకేజీ చెక్‌లిస్టులో 'సీఓ అలారం పరీక్ష' అని ఉంది, సీఓ అంటే అదే కార్బన్ మోనాక్సైడ్. బటన్ నొక్కారు, కీ అంది, టిక్కు పెట్టారు. మూడేళ్ళూ అంతే. నాన్న ఊరికే దాన్ని గోడ నుంచి తీసి వెనక్కి తిప్పితే తయారీ తేదీ 2015. వీటి ఆయుష్షు ఏడు నుంచి పదేళ్ళు. బటన్ నొక్కితే తెలిసేది బ్యాటరీ, కూత పనిచేస్తున్నాయని మాత్రమే. లోపలి సెన్సర్ బతికుందో లేదో చెప్పదు. మిన్నెసోటా చట్టం ప్రకారం పడుకునే ప్రతి గదికీ పది అడుగుల లోపు ఇవి ఉండాలి. అంటే మాకు అలంకారానికి ఉన్నాయి. మీవి ఒకసారి తిప్పి చూడండి, చదవడం ఆపి అయినా సరే.

కంపెనీకి ఫోన్ చేస్తే మేనేజర్ వాదించకుండా ఫర్నెస్ వాటా 119 డాలర్లు వెనక్కి వేశారు. అది ఒప్పుకోవాలి.

ఐస్ డ్యామ్ మాటకొస్తే, ప్యాకేజీలో అసలు లోపం ఇది. నాన్న నాతో అన్నారు, "చూరు మీద మంచు కరగాలంటే వేడి ఎక్కణ్ణుంచో రావాలి కదమ్మా, బయట అంత చలైతే? అటక చూపించు." అమ్మయ్య, ఇన్నేళ్ళకి ఒక్కరు ఆ ప్రశ్న వేశారు. ఇంట్లో వేడి గాలి సందుల్లోంచి అటక మీదికి ఎక్కుతుంది, పైకప్పు వెచ్చబడి స్నో అడుగు నుంచి కరుగుతుంది, ఆ నీళ్ళు కిందికి జారి, గోడ దాటి బయటికున్న చూరు దగ్గరికొచ్చేసరికి అక్కడ కింద వేడి లేదు, మళ్ళీ గడ్డకడతాయి. అలా కట్ట కడుతుంది. గట్టర్ ఖాళీగా ఉన్నా కడుతుంది. గట్టర్ క్లీన్ చెయ్యడం మంచిదే, వసంతంలో నీళ్ళు పునాదిలోకి పోకుండా, బరువుకి గట్టర్ ఊడకుండా. కానీ ఐస్ డ్యామ్‌ని ఆపేది గట్టర్ కాదు, అటక. ఆ కరపత్రంలో ఆ ఒక్క లైను తప్పు.

బెడ్‌రూమ్ క్లోజెట్ పైన ఉన్న మూత తోసి, నాన్న తల లోపలికి పెట్టి చూశారు. మూత చుట్టూ రబ్బరు లేదు, ఉత్త చెక్క. వేడి పైకి పోకుండా పరిచే కాగితపు పొడి ఇన్సులేషన్ టేపుతో కొలిస్తే ఎనిమిది అంగుళాలు. ఇక్కడి లెక్కకి పద్నాలుగు పైన ఉండాలి. బాత్రూమ్ ఫ్యాను గొట్టం ఊడిపోయి, తడి గాలంతా అటకలోకే ఊదుతోంది. 2016 నుంచి ఈ ఇంట్లో ఉంటూ ఆ మూత నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు.

గ్యాస్, కరెంటు కంపెనీలు నడిపే హోమ్ ఎనర్జీ స్క్వాడ్ వాళ్ళని పిలిచాం. ఇది పేరు పెట్టి చెబుతున్నాను, ఎందుకంటే ఫిర్యాదేమీ లేదు. ముందు తలుపుకి గుడ్డ తెర బిగించి, దానికి పెద్ద ఫ్యాను పెట్టి ఇంట్లో గాలి బయటికి లాగారు. అప్పుడు ప్రతి సందులోంచీ గాలి లోపలికి కొడుతుంది. వాళ్ళ దగ్గర థర్మల్ కెమెరా ఉంది, అందులో చల్లటి చోట్లు నల్లగా కనిపించాయి. నాన్నకి కెమెరా ఆనలేదు. దేవుడి గదిలోంచి అగరబత్తి వెలిగించి తెచ్చి, కుర్చీ వేసుకుని, డైనింగ్ రూమ్ సీలింగ్ లైటు దగ్గర పెట్టారు. మామూలుగా పొగ పైకి పోవాలి. ఆ లైటు చుట్టూ ఉన్న సందు దగ్గర పొగ వంగి, నిలువునా కిందికి కొట్టింది. 2023లో బొట్లు కారింది సరిగ్గా ఆ లైటు చుట్టూనే. స్క్వాడ్ అమ్మాయి తన కెమెరా పక్కన పెట్టి ఆ అగరబత్తిని ఫొటో తీసుకుంది. ఇంట్లో ఇంకో పన్నెండు చోట్ల అలాగే తిరిగారు ఇద్దరూ, ఇల్లంతా మల్లెపూల అగరబత్తి వాసన.

సందులు మూయించి, మూతకి రబ్బరు, పైన ఇంకో ఎనిమిది అంగుళాల ఇన్సులేషన్ వేయించి, బాత్రూమ్ గొట్టం కప్పు బయటికి తీయించేసరికి 2,900 అయింది. నొప్పిగానే ఉంది. కానీ ఆవిరి మిషన్ వాడికీ సీలింగ్ వాడికీ కట్టింది గుర్తొస్తే తగ్గుతుంది.

లెక్క అడిగేవాళ్ళ కోసం. ఆ కంపెనీ వెబ్‌సైట్లోనే విడివిడి ధరలున్నాయి: గట్టర్లు 175, స్ప్రింక్లర్ 85, ఫర్నెస్ 119, డ్రయర్ 60. మొత్తం 439, ప్యాకేజీలో 389. యాభై మిగిలిందనుకుంటాం. వచ్చే ఏడు నేను ఆ కంపెనీ దగ్గరే గట్టర్లు, స్ప్రింక్లర్ విడిగా తీసుకుంటాను, 260. ఫర్నెస్ ఆ పెద్దాయనకి 129. కలిపితే సరిగ్గా 389, అదే డబ్బు. డ్రయర్ బ్రష్ కొనేశాను. వెనక గట్టర్ రెండో విజిట్‌కి 95 ఇస్తాను, లేకపోతే మావారు నవంబర్లో ఇంట్లో ఉన్న వారం చూసి నిచ్చెన ఎక్కిస్తాను. ఎత్తు తక్కువే అటువైపు.

స్ప్రింక్లర్‌కి బుక్ చేసేవాళ్ళు సెప్టెంబర్ 20 లోపు చెయ్యండి, తర్వాత స్లాట్లు దొరకవు. గురువారం వచ్చే కుర్రాడే కావాలని అడగండి, పికప్ వెనక నీలం కంప్రెసర్ ఉంటుంది. కాఫీ ఇస్తే తాగుతాడు.